తుపాకీ మీద అక్షింతలు

తుపాకులు బాగుచేసే పని నేర్చుకుంటామని నా దగ్గరికి వచ్చేవాళ్ళు ఈమధ్య బాగా ఎక్కువయ్యారు. ఐటీఐ చేసినవాళ్ళు కొందరు, పోలీసు ఆయుధాల విభాగంలో చేరబోయేవాళ్ళు కొందరు. అందరూ కుర్చీలో కూర్చోగానే అడిగేది ఒకటే, మీ చేతికి వచ్చినవాటిలో అన్నిటికన్నా పెద్ద రివాల్వర్ ఏదండి అని. పైకి విసుక్కుంటాను గానీ, నిజం చెప్పొద్దూ, ఆ ప్రశ్న వినగానే నాకూ హుషారు వస్తుంది. కాఫీ చల్లారిపోయినా చూసుకోను.

రాజమండ్రిలో ఒక లైసెన్సు ఉన్న తుపాకుల షాపు వెనక గదిలో నలభై ఏళ్ళు పనిచేశాను. ముందు గదిలో యజమాని గుప్తా గారు కూర్చుని అమ్మేవారు. వెనక గదిలో బల్ల, వైస్, ఆకురాళ్ళు, నూనె సీసాలు, నేను. ఎవరు ఏ జీతానికి చేర్చుకున్నారు, ఎప్పుడు పెంచారు అనే కథలు మీకెందుకు? పనికొచ్చేది ఒక పెద్ద వేట రివాల్వర్ కథ. దాన్ని కొంటే ఏమిటి లాభం, ఏమిటి నష్టం అని అడిగేవాళ్ళకు కూడా జవాబు అందులోనే ఉంది. అందులో నా తప్పు కూడా ఉంది, దాచను.

కాశిం మేస్త్రి పొట్టు బస్తా

నాకు పని నేర్పింది కాశిం మేస్త్రి గారు. ఆయన బల్ల పక్కన ఎప్పుడూ రంపపు పొట్టు గట్టిగా దట్టించిన బస్తా ఒకటి ఉండేది. ఏ తుపాకీ చేతికి వచ్చినా దాని గొట్టం ఆ బస్తా వైపే చూడాలి. చేరిన కొత్తలో నాకది చాదస్తంగా అనిపించేది.

ఒకరోజు నరసాపురం వైపు నుంచి ఒక పెద్దమనిషి పాత రివాల్వర్ తెచ్చి, "ట్రిగ్గర్ బరువుగా ఉందండి, కాస్త చూడండి. ఖాళీయేనండి, తూటాలు ఇంట్లోనే తీసేశాను" అన్నారు. పెద్దాయన, పంచెకట్టు, నుదుటిన బొట్టు. అలాంటి మనిషి మాటను అనుమానిస్తే బాగుండదనుకుని, తెరిచి చూడకుండా ట్రిగ్గర్ నొక్కాను. గది దద్దరిల్లింది. బస్తాలోంచి పొట్టు ఎగిరి నా జుట్టంతా పడింది.

జరిగిందేమిటంటే, పాతకాలం వాళ్ళకు ఆరు గదుల సిలిండర్‌లో ఐదే తూటాలు పెట్టుకునే అలవాటు. తూటాను వెనక నుంచి కొట్టే హామర్ కింద ఉండే గది వదిలేస్తారు, కింద పడినా పేలకుండా. ఆయన ఎప్పుడూ ఐదే పెడతారు కాబట్టి ఐదు లెక్కపెట్టి తీసేశారు. ఆ ఏడాది ఆయన కొడుకు ఆరోది కూడా పెట్టాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. అలవాటు కొద్దీ చెప్పారంతే.

కాశిం మేస్త్రి నన్ను తిట్టలేదు. నా జుట్టులో పొట్టు దులిపి, "ఖాళీ అనే మాట ఈ గదిలో అనకూడదురా. నేను చెప్పినా నమ్మకు, నీ కన్ను చెప్పాలి, నీ చిటికెన వేలు చెప్పాలి" అన్నారు. ఒక్కో గదిలో చిటికెన వేలు పెట్టి చూడమని ఆయన అర్థం. మీరూ అలాగే చేయండి.

రంగరాజు గారి కోరిక

ఇక అసలు కథ. మొగల్తూరు దగ్గర రొయ్యల చెరువులున్న రంగరాజు గారు మా షాపుకి పాత ఖాతాదారు. నాలుగేళ్ళ కిందట ఒక లైసెన్సుదారు కుటుంబం వాళ్ళు విదేశీ వేట రివాల్వర్ ఒకటి అమ్మకానికి మా దగ్గర పెట్టారు. సంగతి ఎలా తెలిసిందో, రంగరాజు గారు తల్లిని కూడా వెంటబెట్టుకుని కారులో దిగిపోయారు.

పెట్టె మూత తీసినప్పుడు నా గుండె ఎంత కొట్టుకుందో మీకు చెప్పలేను. జానెడు పైన గొట్టం. నీలం, నలుపు కలిసిన మెరుపు. హామర్ వెనక్కి లాగితే సిలిండర్ ఒక్క గది తిరిగి, టక్కుమని ఆగుతుంది. ఆగిన చోట వెంట్రుకవాసి కూడా కదలదు. అరవై ఏళ్ళు వచ్చినా అలాంటి పనితనం చూస్తే నాకు చిన్నపిల్లాడికి చక్రం దొరికినట్టే ఉంటుంది. మంచి రివాల్వర్ మొరాయించదు. తుప్పు పట్టనివ్వకపోతే మూడు తరాలు నిలుస్తుంది. విదేశాల నుంచి కొత్తవి తెప్పించుకోవడం మామూలు మనిషికి కుదరదు కాబట్టి ధర తగ్గే ప్రసక్తి లేదు. ఏనుగు చచ్చినా వెయ్యే, బతికినా వెయ్యే అన్నట్టు. లాభాలంటే ఇవీ. ఇంతకు మించి ఎవరైనా చెబితే అమ్మకం కోసం చెబుతున్నారని అనుకోండి.

మా గుప్తా గారు వ్యాపారం చేసే మనిషే గానీ, అడగాల్సింది అడగకుండా అమ్మేవారు కాదు.

"దేనికండి రాజుగారూ ఇంత పెద్దది?" అన్నారు.

"వేట రివాల్వర్ కదండి."

"వేట ఎప్పుడో మానిపించారు కదండి గవర్నమెంటోళ్ళు. మీ చెరువుల మీద నీటికాకులు తప్ప ఏమున్నాయండి?"

"నీటికాకుల్ని కొడతానా ఏంటండి దీంతో? ఉండాలండి, అంతే. మా తాతగారికి ఏనుగు ఉండేదంట."

నాకు నవ్వు ఆగలేదు. నీటికాకి మీద ఈ రివాల్వర్ ఎత్తడమంటే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. కానీ ఆయన చెప్పింది అబద్ధం కాదు. ఇలాంటివి కొనేవాళ్ళలో ఎక్కువమంది ఉండాలి కాబట్టే కొంటారు. ఆ మాట పైకి ఒప్పుకున్నందుకు ఆయనంటే నాకు గౌరవం కలిగింది.

గుప్తా గారు నష్టాలన్నీ ఏకరువు పెట్టారు. దీని తూటాలు దొరకడం గగనం. ఏడాదికి ఇన్నే కొనాలని లెక్క. ఎన్నికలు వచ్చినప్పుడల్లా స్టేషన్లోనో షాపులోనో అప్పగించి రావాలి. ఇంట్లో తాళం ఎవరి దగ్గర ఉందో రోజూ ఆలోచించాలి. పేలిస్తే మణికట్టు అదిరిపోతుంది, చెవులు మోగుతాయి, రెండోసారి పేల్చాలనిపించదు. పెళ్ళికో పండక్కో గాల్లోకి పేల్చారా, లైసెన్సు పోతుంది, కేసు అవుతుంది. రంగరాజు గారు అన్నిటికీ "తెలుసండి" అని తల ఊపారు. పెట్టె మీద నుంచి చూపు మాత్రం తిప్పలేదు.

ఆయన తల్లి నరసాయమ్మ గారు అప్పటిదాకా మూలన కూర్చుని వింటున్నారు. బక్కపలచటి మనిషి, ఎనభైకి దగ్గర. నన్ను పిలిచి అడిగారు.

"బాబూ, దసరాకి దీనికి పూజ చేసుకోవచ్చా? పట్టింపులేమైనా ఉన్నాయా దీనికి?"

నేను ఆ రివాల్వర్ చూసిన సంబరంలో ఉన్నాను. ఆవిడ ముఖం కూడా సరిగ్గా చూడలేదు. "ఖాళీగా ఉన్నప్పుడు అది ఉత్త ఇనప ముక్కేనండి. మీకెలా నచ్చితే అలా చేసుకోండి" అన్నాను.

కాశిం మేస్త్రి బతికుంటే ఆ మాటకి నన్ను వెనక గదిలోంచి బయటికి పంపేసేవారు. ఖాళీ అనే మాట నా నోటితోనే అన్నాను, అదీ నోటికి అలవాటైపోయిన మాటలా.

విజయదశమి ఫోన్

నేను షాపు మానేయడానికి ముందు ఏడాది విజయదశమి. మా వెనక గదిలో పనిముట్లకు పసుపు, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, భోజనానికి ఇంటికి వచ్చి కూర్చున్నాను. రంగరాజు గారి ఫోన్.

"మేస్త్రి గారూ, పండగ పూట ఇబ్బంది పెడుతున్నానండి. రివాల్వర్ బిగుసుకుపోయిందండి. హామర్ లాగుతుంటే రావట్లేదు."

"లోపల తూటాలున్నాయాండి?"

"ఆరూ పెట్టానండి."

"ఎందుకు పెట్టారండి?"

ఆయన కాస్త నసిగారు. "మా బావమరిది వాళ్ళు వచ్చారండి. చెరువు గట్టు మీద ఒక్కటి పేల్చి చూపించమంటేనూ..."

"అది నేరమండి. ఆ సంగతి తర్వాత. ఇప్పుడు గొట్టం ఎటు చూస్తోంది?"

ఆయన గొట్టం వెంబడి చూసుకున్నట్టున్నారు. "మా బావమరిది వైపండి."

నా చేతిలో ముద్ద విస్తట్లో పడింది.

"పచ్చడిబండతో ఒక్క దెబ్బ వేస్తే వదులుతుందంటున్నాడండి వాడు. బండ తెచ్చాడు కూడా" అన్నారు రంగరాజు గారు, అదేదో మంచి ఉపాయమైనట్టు.

నేను లేచి నిలబడి మాట్లాడాను. వేలు ట్రిగ్గర్ దగ్గరికి పోకూడదు. నెమ్మదిగా చెరువు గట్టు దగ్గరికి వెళ్ళి, రొయ్యల మేత బస్తా ఒకటి వేసి, గొట్టం గట్టు మట్టిలోకి చూసేలా దాని మీద పెట్టాలి. పిల్లలు, ఆడవాళ్ళు, బావమరిది, పచ్చడిబండ, అందరూ ఇంటి వెనక్కి పోవాలి. ఆయన ఒక్కరే దూరంగా కాపలా ఉండాలి. నేను వచ్చేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. ఒక్కొక్క మాటా ఆయన చేత తిరిగి చెప్పించుకున్నాను.

టాక్సీ మాట్లాడుకుని బయల్దేరాను. గోదావరి బ్రిడ్జి మీద లారీలు, బస్సులు, ఆటోలు అన్నీ బంతిపూల దండలు, నిమ్మకాయలు, అరటి పిలకలతో పెళ్ళికి వెళ్తున్నట్టున్నాయి. మామూలు రోజైతే సరదాగా చూసేవాడిని. ఆ రోజు కొవ్వూరు, నిడదవోలు, తణుకు దాటుతున్నంతసేపూ నా బుర్రలో ఆ రివాల్వర్ విప్పి, బిగించి, మళ్ళీ విప్పుతూనే ఉన్నాను. స్ప్రింగు విరిగిందా? సిలిండర్ ఇరుసు వంగిందా? పనివాడికి ఇలాంటి చిక్కుముడి దొరికితే భయం ఎంత ఉంటుందో ఉత్సాహం అంత ఉంటుంది. మధ్యమధ్యలో ఆ పచ్చడిబండ గుర్తొచ్చి డ్రైవర్ని తొందరపెట్టేవాడిని.

అరగింజ

నేను వెళ్ళేసరికి రంగరాజు గారు ఎండలో గొడుగు వేసుకుని, బస్తాకు ఇరవై అడుగుల దూరంలో కుర్చీలో కూర్చుని ఉన్నారు. రెండున్నర గంటలు అక్కడే ఉన్నారట, మంచినీళ్ళకు కూడా లేవలేదట.

నేను రివాల్వర్ వెనక మోకాళ్ళ మీద కూర్చున్నాను. గొట్టం మట్టిలోకే ఉంచి, సిలిండర్ గడియ నొక్కి పక్కకు తోశాను. రాలేదు. అరచేతితో మెల్లగా, బలం పెంచుకుంటూ తోశాను. మూడోసారికి వచ్చింది. ఆరు తూటాలూ తీసి రంగరాజు గారి జేబురుమాల్లో వేశాను. ఒక్కో గదిలో చిటికెన వేలు పెట్టి చూశాను. అప్పుడు గానీ ఊపిరి తీసుకోలేదు.

సిలిండర్ వెనక నక్షత్రం ఆకారంలో ఒక చిన్న బిళ్ళ ఉంటుంది. కాలిన తూటాలను ఒక్కసారే బయటికి తోసేది అదే. దాన్ని పైకి తోసి కింద చూస్తే, నేతితో అతుక్కుని, పచ్చగా, నలిగిపోయిన ఒక బియ్యపు నూక. అరగింజ. అది అడ్డం పడటంతో బిళ్ళ వెంట్రుకంత పైకి లేచి, వెనక ఉన్న ఇనప గోడకు ఒరుసుకుని సిలిండర్ తిరగకుండా ఆపేసింది. రంగరాజు గారు బొటనవేలితో బలవంతంగా నొక్కి మూశారు కాబట్టి మరీ బిగుసుకుంది.

నాకు ఎంత సంతోషం కలిగిందంటే గట్టిగా నవ్వేశాను. "అక్షింతలండి రాజుగారూ, అక్షింతలు" అన్నాను. ఆయన కూడా తేలిగ్గా నవ్వి, "పొద్దున్న మా అమ్మ సిలిండర్ తెరవమని ఆరు గదులకూ ఆరు బొట్లు పెట్టి, మీద అక్షింతలు వేసిందండి" అన్నారు. అంతలో వెనక నుంచి బావమరిది గొంతు, "అయిపోయిందా బావగారూ? ఇప్పుడు పేల్చొచ్చా?"

అక్కడితో సంచీ సర్దుకుని వచ్చేస్తే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకుంటాను. బాగుచేసిన ప్రతిదాని గొట్టం వెలుతురుకి పెట్టి చూడటం నా అలవాటు. సిలిండర్ పక్కకు తీసి ఉంది, తూటాలు లేవు. వెనక వైపు తెల్లకాగితం అడ్డం పెట్టి ముందు నుంచి చూశాను. తెల్లగా గుండ్రంగా వెలుగు కనిపించాలి. చీకటి.

సన్నటి కొక్కెం పెట్టి లాగాను. పసుపు గుడ్డ. చిటికెన వేలంత ఉండలా చుట్టి, గట్టిగా దట్టించిన పసుపు గుడ్డ. దాని మధ్యలో గుచ్చుకుని, కాలిపోగా మిగిలిన అగరవత్తి పుల్ల.

రంగరాజు గారికి అర్థం కాలేదు. నాకు మాత్రం వెంటనే అర్థమైంది. అంత పెద్ద తూటా పేలేసరికి ముందున్న దారి మూసుకుపోయి ఉంటే? గొట్టం ఉబ్బొచ్చు, పగలొచ్చు. పగిలిన ఉక్కు ఎటు పోతుందో చెప్పడం ఎవరి తరమూ కాదు. పట్టుకున్న చెయ్యి దక్కుతుందన్న నమ్మకం లేదు. పక్కన నిలబడి ముచ్చటగా చూసేవాళ్ళ కళ్ళ సంగతి అసలే చెప్పలేను. ఇదంతా ఆయనకు మెల్లగా చెప్పాను. ఆయన తన కుడిచేతి వేళ్ళు ముడిచి, చాచి, మళ్ళీ ముడిచి చూసుకున్నారు.

ఈలోగా నరసాయమ్మ గారు వచ్చారు. నా చేతిలో గుడ్డ చూసి, "అది నేను పెట్టిందే బాబూ. బియ్యం పళ్ళెంలో నిలబెట్టాను గదా, గొట్టంలో అగరవత్తి గుచ్చితే నిలబడక పడిపోతోంది. అందుకని గుడ్డ దోపాను. తీద్దామని మర్చిపోయాను" అన్నారు.

ఆవిడకు మా ముఖాలు చూసి అనుమానం వచ్చింది. "ఏమైంది? ఆ గుడ్డ ఉంటే ఏమవుద్ది?"

చెప్పకుండా ఉంటే బాగుండుననిపించింది. కానీ చెప్పాను. ఆవిడ గట్టు మీదే కూలబడ్డారు.

"అంటే నా చేత్తో వాడి చెయ్యి తీసేసేదాన్నా?"

"తీసేయలేదు కదండి. హామర్ కదల్లేదు. అరగింజ అడ్డం పడింది. అది కూడా మీరు వేసిందేనండి."

ఆవిడ ఆ నూకను అడిగి తీసుకుని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు. రంగరాజు గారు వెళ్ళి తల్లి పక్కన, మట్టిలోనే కూర్చున్నారు. ఆయన పట్టుపంచె అంతా మట్టి అయింది. నాకు కళ్ళు తడిశాయి, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

కాసేపటికి ఆవిడ తల ఎత్తి నా వైపు చూశారు.

"ఉత్త ఇనప ముక్కేనండి, ఎలా నచ్చితే అలా చేసుకోండి అని ఎవరు చెప్పారు నాకు?"

"నేనేనండి."

"అంత పని తెలిసినవాడివి నువ్వు. ముసలిదాన్ని, నాకేం తెలుస్తుంది? గొట్టంలో ఏమీ పెట్టొద్దమ్మా అని ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయింది?"

ఇంకా చాలా అన్నారు. బావమరిది ఎదుట, పాలేళ్ళ ఎదుట, పావుగంట సేపు దులిపేశారు. మా యజమాని నలభై ఏళ్ళలో వేసిన అక్షింతలన్నీ కలిపినా అన్ని ఉండవు. తర్వాత లేచి, నాకు ఆకు వేసి, దగ్గరుండి పులిహోర వడ్డించారు.

మీకు చెప్పేది

కాబట్టి ఆ రివాల్వర్ కొనొచ్చా కొనకూడదా అని అడిగితే, పనివాడిగా నేను దాన్ని ప్రేమిస్తాను. నా చేతికి మళ్ళీ వస్తే మళ్ళీ కాఫీ చల్లారిపోతుంది. కానీ దానికి మన డెల్టాలో చేయడానికి పని లేదు. పనిలేని వస్తువుకు జనం పని కల్పిస్తారు. పండక్కి పేల్చి చూపించమంటారు, అగరవత్తుల స్టాండు చేస్తారు. కొనేవాడికి డబ్బుంటే చాలదు, ఇంట్లో అందరికీ దాని సంగతి తెలిసుండాలి, ముఖ్యంగా పూజ చేసే మనిషికి. అమ్మేటప్పుడు లైసెన్సు ఉన్నాయనతో మాట్లాడి ఊరుకోకండి. మూలన కూర్చున్న ముసలావిడతో కూడా మాట్లాడండి. ఆవిడ అడిగినప్పుడు ఆవిడ ముఖం చూసి జవాబు చెప్పండి.

రంగరాజు గారు రివాల్వర్ అమ్మలేదు. మా షాపు ఇనప్పెట్టెలో భద్రపరచమని అప్పగించారు. చూడాలనిపిస్తే వచ్చి, పెట్టె మూత తీయించుకుని చూసి వెళ్తారు.

మరుసటి దసరాకు నరసాయమ్మ గారు కొడుకుతో కలిసి షాపుకే వచ్చారు. అప్పటికి నేను పని మానేశాను గానీ, ఆవిడ రమ్మన్నారని వెళ్ళాను. సిలిండర్ తెరిచి, ఆరు గదులూ ఆవిడ చేతే చిటికెన వేలు పెట్టించి చూపించాను. గొట్టంలోంచి వెలుగు చూపించాను. ఆవిడ బుద్ధిగా ఒక కన్ను మూసి చూసి, "కనపడుతోంది బాబూ, తెల్లగా" అన్నారు. తర్వాత పళ్ళెంలోంచి గుప్పెడు అక్షింతలు తీశారు.

నేను గబుక్కున రివాల్వర్ పెట్టెలో పెట్టి మూత వేసేశాను.

"దానికి కాదులే," అన్నారు ఆవిడ. "తల వంచు. పోయిన దసరాకి నోటితో వేశాను, ఈసారి చేత్తో వేస్తాను."